రోడ్డు విస్తరణ : నడిచేవాడికి చోటెక్కడ?



రోడ్డు వెడల్పు చేస్తారట అనే వార్త రాగానే ఏ ఊళ్ళోనైనా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కార్లున్నవాళ్ళు, లారీల ఓనర్లు "ఇన్నాళ్ళకు మా ఊరికి మంచిరోజులొచ్చాయి" అంటారు. రోడ్డు పక్కన ఇల్లో, మల్గీయో, డబ్బానో ఉన్నవాళ్ళకు ఆ రోజు నుంచి రాత్రిళ్ళు నిద్ర ఉండదు. మూడో రకం వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఏమీ మాట్లాడరు, ఎందుకంటే వాళ్ళను ఎవరూ అడగరు. రోజూ ఆ రోడ్డును కాలినడకన దాటి బడికి, కూలికి, రేషన్ షాపుకు పోయేవాళ్ళే వాళ్ళు. మన హాస్టల్ విద్యార్థులం ఈ మూడో రకంలోకే వస్తాం. మనలో ఎందరికి బండి ఉంది?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చనిపోయారు. అందులో 35,221 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. అంటే రోజుకు సుమారు 96 మంది. చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ బండీ ఎక్కనివారే. అంతకుముందు ఏడాది, 2022లో ఈ సంఖ్య 32,825. రోడ్లు వెడల్పవుతున్నాయి, కొత్తవి వస్తున్నాయి, ఈ సంఖ్య మాత్రం తగ్గడం లేదు.

ఈ ఏడాది మన హాస్టల్ ప్రహరీగోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత, దాని పక్కన ఒక అంకె వేసి వెళ్ళారు. "ఇక్కడిదాకా పోతుందంట" అనడమే తప్ప అసలు సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకు పోతుంది, ఎంత పోతుంది, ఎవరిని అడగాలి అని తమ్ముళ్ళు నన్ను అడిగారు. నేను చదువుతున్నది ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. సంచికకు కవిత రాయమని కమిటీవాళ్ళు అన్నారు గాని, నాకు కవిత్వం రాదు. తెలిసినంతవరకు ఈ గీత సంగతే రాస్తున్నాను.

గీత ఎక్కడి నుంచి వస్తుంది?

గోడ మీద గీత వేయడానికి ముందే అది కాగితం మీద ఉంటుంది. చాలా పట్టణాలకు మాస్టర్ ప్లాన్ అనే పటం ఉంటుంది. అందులో ప్రతి పెద్ద రోడ్డుకూ ఇప్పుడున్న వెడల్పు కాకుండా, ఉండాల్సిన వెడల్పు రాసి ఉంటుంది. నలభై అడుగుల రోడ్డు ప్లాన్లో అరవై అడుగులని ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు. నిధులు మంజూరైన రోజున సర్వేయర్లు టేపు పట్టుకుని వచ్చి, రోడ్డు మధ్య నుంచి ఇటు ముప్పై అడుగులు, అటు ముప్పై అడుగులు కొలిచి గీత వేస్తారు. గీత అంటే హద్దు గుర్తు మాత్రమే. అది నోటీసు కాదు, ఉత్తర్వు అసలే కాదు. గీత చూసి భయపడి తన గోడను తానే కూలగొట్టుకున్నవాణ్ణి కూడా చూశాను.

ఆ తరువాత భూమి తీసుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది ఒప్పందం. మునిసిపాలిటీ యజమానితో మాట్లాడి, డబ్బో లేక టీడీఆర్ సర్టిఫికెట్టో ఇచ్చి తీసుకుంటుంది. టీడీఆర్ అంటే, పోయిన స్థలానికి బదులుగా మరోచోట అదనంగా కట్టుకునే హక్కు. దాన్ని అమ్ముకోవచ్చు కూడా. బిల్డర్లకు అది బంగారమే. ముప్పై గజాల ఇంట్లో సగం పోయినవాడికి మాత్రం, కొనేవాడు దొరికేదాకా అది ఉత్త కాగితం. ఆ తేడా తెలియకుండా సంతకం పెట్టకూడదని నా అభిప్రాయం.

రెండో దారి 2013 నాటి భూసేకరణ చట్టం. ఇది 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మనదేశంలో ఉన్నది 1894లో తెల్లవాళ్ళు చేసిన చట్టం. పాత చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే ఉండేవి, కొత్త చట్టంలో 60 రోజులున్నాయి. అభ్యంతరం కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆయన మన మాట విన్న తరువాతే ముందుకు పోవాలి. సామాజిక ప్రభావ అధ్యయనం అనేది కూడా చట్టంలో ఉంది గాని, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తరువాత సవరణలు చేసుకుని కొన్ని రకాల పనులకు దాన్ని మినహాయించుకున్నాయి. మన రోడ్డుకు అది వర్తిస్తుందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి.

పరిహారం లెక్క ఇలా ఉంటుంది. పట్టణంలో పోయే స్థలం విలువ ఆరు లక్షలు, దాని మీది కట్టడం విలువ రెండు లక్షలు అనుకుందాం. మొత్తం ఎనిమిది. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనం, మరో ఎనిమిది. వెరసి పదహారు లక్షలు. పాత చట్టంలో ఈ సొలేషియం 30 శాతమే. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో ముందరి గది మాత్రం తీసుకుంటామంటే, "తీసుకుంటే ఇల్లంతా తీసుకోండి, సగం ఇల్లు నాకెందుకు" అని అడిగే హక్కు 94వ సెక్షన్ యజమానికి ఇస్తోంది. అద్దెకున్నవాళ్ళు, అక్కడ మూడేళ్ళకు పైగా పనిచేసి బతుకుతున్నవాళ్ళు కూడా బాధిత కుటుంబాల నిర్వచనంలోకి వస్తారు. కాని ఒప్పందం దారిలో పోతే వాళ్ళను అడిగేవాళ్ళు ఉండరు. యజమానికి చెక్కు వస్తుంది, కిరాయిదారు సామాను సర్దుకుంటాడు.

మన కుటుంబాలకు సంబంధించిన ముఖ్య విషయం ఇంకొకటి. మన వాడల్లో చాలా ఇళ్ళు అసైన్డ్ స్థలాల్లోనే ఉన్నాయి. "అది సర్కారు ఇచ్చిన జాగా, సర్కారే తీసుకుంటుంది, మీకు పైసలెక్కడివి" అనే మాట మనలో చాలామంది విన్నదే. ఆ మాట తప్పు. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ళ ప్రాంతానికి సంబంధించిన కేసులో, ప్రజావసరానికి అసైన్డ్ భూమిని తీసుకుంటే అసైనీకి కూడా పూర్తి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ ఒక్క వాక్యం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు చెప్పండి.

పాతబస్తీలో చూసింది

హైదరాబాదులో పాతబస్తీ మెట్రో కోసం జరిగిన రోడ్డు వెడల్పును ఉదాహరణగా తీసుకోవచ్చు. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ముక్క మాత్రం ఆగిపోయింది. చివరికి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లుగా పెంచి, 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతేబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ మీదుగా ఆ దారి పోతుంది. రోడ్డును వంద అడుగులకు, స్టేషన్ల దగ్గర 120 అడుగులకు పెంచాలని ప్రణాళిక. సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని అధికారులే చెప్పారు. గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం నిర్ణయించి 2025 జనవరిలో చెక్కులివ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే కూల్చివేతలు జరిగాయి. చారిత్రక కట్టడాలకు ముప్పుందని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది.

గజానికి 81,000 అంటే మన ఊరి లెక్కలో చాలా ఎక్కువ అనిపిస్తుంది. కాని ఇరవై గజాల మల్గీ మీద మూడు తరాలు బతికినవాళ్ళకు వచ్చే పదహారు లక్షల ఇరవై వేలతో ఆ చుట్టుపక్కల మరో మల్గీ కొనగలరా అనేది వేరే ప్రశ్న. ఎం.ఏ. ఫీల్డువర్కు కోసం నేను ఆ దారిలో రెండుసార్లు నడిచాను. నాకు మనసులో మిగిలింది ఇంకొక విషయం. అక్కడి స్టేషన్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అని పేర్లు పెట్టారు. ఆ స్టేషన్లు ఆ కట్టడాలకు దాదాపు అర కిలోమీటరు దూరంలో ఉంటాయి. అంటే మెట్రో దిగిన ప్రతి మనిషీ ఆ అర కిలోమీటరు నడవాలి. పిల్లర్ల లెక్క, గజాల లెక్క, కోట్ల లెక్క అన్నీ పత్రికల్లో వచ్చాయి. ఆ అర కిలోమీటరు ఫుట్‌పాత్ లెక్క మాత్రం నాకు కనబడలేదు.

అదే పాతబస్తీలో రోడ్డు విస్తరణకు మంచి ఉదాహరణ కూడా ఉంది. 1908 మూసీ వరదల తరువాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టించిందే. రోడ్డును వెడల్పు చేస్తూ రెండు పక్కలా రాతి కమాన్ల వరుస కట్టి, వాటి కింద దుకాణాల ముందు నీడలో నడవడానికి దారి వదిలారు. ఎండైనా వానైనా మనిషి ఆ కమాన్ల కింద నుంచి పోవచ్చు. ఇప్పుడు ఆ దారిలో సరుకులు పేర్చి ఉంటాయి, అది వేరే సంగతి. వెడల్పు చేసేటప్పుడే నడిచేవాణ్ణి లెక్కలోకి తీసుకున్నారని చెప్పడమే నా ఉద్దేశం. పక్కనే చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడకదారి చేయాలన్న ఆలోచన 1990లలోనే పుట్టింది. అది రూపానికి రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

అర మీటరు కథ

ఇప్పుడు కొంచెం లెక్కలోకి వెళదాం. భయపడకండి, పదో తరగతి లెక్కే. రోడ్డు వెడల్పు చేశాక ఫుట్‌పాత్ ఎందుకు మాయమవుతుందో దీనివల్ల తెలుస్తుంది.

అరవై అడుగుల రోడ్డు అంటే 18.3 మీటర్లు. ఒక్కో వైపు బండ్లకు 7 మీటర్లు ఇస్తే 14 మీటర్లు పోతాయి. మధ్యలో డివైడరుకు 1.2 మీటర్లు. మిగిలింది 3.1 మీటర్లు, అంటే ఒక్కో వైపు 1.55 మీటర్లు. మురికికాలువ కూడా అందులోనే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ పాదచారుల కోసం మార్గదర్శకాలు చేసింది. వాటి ప్రకారం ఫుట్‌పాత్‌కు ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి. దుకాణాలుండే చోట ఇంకా ఎక్కువ ఉండాలి. అంచు ఎత్తు ఆరంగుళాలు దాటకూడదు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు ఈ ఆరడుగుల్లోకి రాకూడదు. మరి 1.55 చాలదు కదా! చాలదు కాబట్టి "స్థలం లేదు" అని ఫుట్‌పాత్ మొత్తాన్నే వదిలేస్తారు.

అదే బండ్ల దారిని ఒక్కో వైపు 7 బదులు 6.5 మీటర్లు చేస్తే? 13 మీటర్లు పోతాయి, డివైడరు 1.2, మిగిలింది 4.1. ఒక్కో వైపు 2.05 మీటర్లు. కాలువ మీద గట్టి మూతలు సమంగా వేస్తే అదంతా నడకదారే. ఒక్కో వైపు అర మీటరు తేడాతో ఫుట్‌పాత్ ఉందా లేదా అనేది తేలిపోతుంది. కాబట్టి అధికారులను "ఎన్ని అడుగుల రోడ్డు" అని మాత్రమే అడగకండి. "ఆ అడుగులను ఎలా పంచారు, క్రాస్ సెక్షన్ డ్రాయింగ్ చూపించండి" అని అడగండి. రోడ్డును నిలువునా కోస్తే ఎట్లా కనబడుతుందో ఆ బొమ్మలో ఉంటుంది.

రోడ్డు దాటడం ఇంకో లెక్క. మనిషి సగటున సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు. 7 మీటర్ల రోడ్డు దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. 14 మీటర్లు ఒకేసారి దాటాలంటే పన్నెండు సెకన్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆరు సెకన్లలో 83 మీటర్లు, పన్నెండు సెకన్లలో సుమారు 167 మీటర్లు వస్తుంది. అంటే రోడ్డు రెట్టింపు వెడల్పయితే, మనకు కనబడే ఖాళీ కూడా రెట్టింపు కావాలి. ముసలివాళ్ళకు ఇంకా ఎక్కువ. డివైడరు దగ్గర ఆగి నిలబడే చోటుంటే రెండు విడతల్లో దాటవచ్చు. కాని మన దగ్గర డివైడరు మీద ఇనుప కంచో, పూలమొక్కలో పెడతారు, బిడ్డనెత్తుకున్న తల్లి నిలబడే చోటు మాత్రం పెట్టరు. పైగా వెడల్పు రోడ్డు మీద బండ్ల వేగం పెరుగుతుంది. 50 నుంచి 65 కిలోమీటర్లకు వేగం పెరిగితే, కారు ముందుభాగం తగిలిన మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎక్కడ జీబ్రా క్రాసింగో సిగ్నలో పెట్టాలి అనడానికి కూడా సూత్రం ఉంది. 1988లో వచ్చిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లో ఇది కనబడుతుంది. రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను, ఆ గంటలో పోయే బండ్ల సంఖ్య వర్గంతో గుణించాలి. డివైడరు లేని రోడ్డయితే ఫలితం 10 కోట్లు, డివైడరున్న రోడ్డయితే 20 కోట్లు దాటితే అక్కడ క్రాసింగ్ ఏర్పాటు అవసరం. ఉదాహరణకు గంటలో 250 మంది దాటుతారు, 700 బండ్లు పోతాయి అనుకుందాం. 700 వర్గం 4,90,000. దాన్ని 250తో గుణిస్తే 12 కోట్ల 25 లక్షలు. డివైడరు లేకుంటే క్రాసింగ్ కావాల్సిందే. బండ్లు రెట్టింపైతే ఫలితం నాలుగింతలవుతుంది.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతాం అని కొందరు నాయకులు మాటిస్తారు. నాకు దాని మీద నమ్మకం లేదు. కింద లారీలు పోవాలంటే 5.5 మీటర్ల ఎత్తు ఖాళీ ఉండాలి. మెట్టుకు 15 సెంటీమీటర్లు వేసుకున్నా 36 మెట్లకు పైగా ఎక్కి, మళ్ళీ అన్నీ దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ ఎక్కదు, పుస్తకాల సంచితో ఆలస్యమైన ఏడో తరగతి పిల్లవాడూ ఎక్కడు. నేల మీద, బండి ఆగే చోటే వాళ్ళకు కావాలి.

బండి మీద బతికేవాళ్ళు

ఫుట్‌పాత్ అంటే నడిచేవాళ్ళది అని తేలిగ్గా అనేస్తాం. కాని మా అమ్మ మా ఊరి బస్టాండు దగ్గర ఇరవై ఏళ్ళుగా పళ్ళబండి పెట్టుకుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, ఆ చదువు ఆ బండి మీద నుంచే వచ్చింది. రోడ్డు వెడల్పు పేరుతో అక్కడి బండ్లన్నీ ఒక్క పూటలో తీసేశారు, కాగితం ముక్క ఇవ్వలేదు. నడిచేవాళ్ళకు చోటు కావాలని ఇంత రాస్తున్నవాణ్ణి, "మరి అమ్మ బండి ఎక్కడ పెట్టాలి?" అన్న ప్రశ్నను తప్పించుకోలేను.

2014లో వీధి వ్యాపారుల రక్షణ చట్టం వచ్చింది. సర్వే చేసి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ తొలగించకూడదు అని అందులో ఉంది. తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. ఇదంతా మాకు ఆ రోజు తెలియదు. ఇప్పుడు అమ్మ బస్టాండు వెనుక సందులో కూర్చుంటోంది, బేరం సగానికి పడిపోయింది. నడిచేవాళ్ళు లేని చోట పళ్ళు ఎవరు కొంటారు? నడిచేవాడూ, బండి పెట్టుకున్నవాడూ ఒకరికొకరు శత్రువులని నేను అనుకోను. ఇద్దరికీ కలిపి రెండు మీటర్లు ఇచ్చి కొట్టుకోమనడం వల్ల వచ్చిన తగవు ఇది. పార్కింగుకు వదిలిన స్థలంలో నాలుగో వంతు బండ్లకు గుర్తించి ఇస్తే ఆ ఆరడుగులు ఖాళీగానే ఉంటాయి.

మన గేటు ముందు

2025 మే 14న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, వికలాంగులు కూడా వాడుకోగలిగేలా ఫుట్‌పాత్‌లు ఉండాలని, రాష్ట్రాలు మార్గదర్శకాలు తయారుచేయాలని ఆదేశించింది. అంతకుముందే 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 198-ఏ అనే సెక్షన్ చేర్చారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ఎవరైనా చనిపోతే లేదా వికలాంగులైతే, కాంట్రాక్టరుకో సంబంధిత అధికార సంస్థకో లక్ష రూపాయల దాకా జరిమానా. మనిషి ప్రాణానికి లక్ష పరిమితి అనేది నాకు తక్కువగానే కనబడుతోంది. అయినా అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాస్తే చదివేవాళ్ళు కొంచెం జాగ్రత్తగా చదువుతారు.

మన హాస్టల్ స్థలం ప్రభుత్వానిదే కాబట్టి పరిహారం గొడవ లేదు. అదే చిక్కు కూడా. ఒక శాఖ స్థలాన్ని మరో శాఖ తీసుకుంటుంది, మధ్యలో ఉండే మనల్ని అడగాలన్న ఆలోచన రాదు. గీత లోపలికి కొలిస్తే స్నానాల గదుల వరుస, చేతిపంపు పోతాయి. గేటు నేరుగా రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. బడి అవతలి వైపు ఉంది. వార్డెన్ సారు పైఅధికారులకు రాశారు. మనం సమాచార హక్కు చట్టం కింద మునిసిపాలిటీకి విడిగా దరఖాస్తు పెట్టాం. ఇందుకు రుసుము పది రూపాయలే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అది కూడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రోడ్డు క్రాస్ సెక్షన్ డ్రాయింగ్, మాస్టర్ ప్లాన్లో ఈ రోడ్డు వెడల్పు, దెబ్బతినే ఆస్తుల జాబితా, ఫుట్‌పాత్‌కు అంచనాలో కేటాయించిన మొత్తం, ఈ నాలుగూ అడిగాం.

జవాబు వచ్చాక కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇవ్వడానికి అర్జీ రాసిపెట్టాం. అందులో కోరికలు మూడు. గోడ వెనక్కి జరిపే ముందే స్నానాల గదులు వేరే చోట కట్టాలి. గేటు ముందు డివైడరులో ఆగే చోటుతో సహా జీబ్రా క్రాసింగ్, దానికి రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు కావాలి. గేటు నుంచి బడి దాకా ఆరడుగుల ఫుట్‌పాత్ ఉండాలి. వీటికి బలం మన లెక్కే. మన గేటు ముందు ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఎందరు దాటుతారు, ఎన్ని బండ్లు పోతాయి అనేది వరుసగా మూడు పనిదినాలు లెక్కపెట్టాలి. మనుషులకు ఇద్దరు, అటువైపు బండ్లకు ఒకరు, ఇటువైపు బండ్లకు ఒకరు, మొత్తం నలుగురు చాలు. ఇంటర్ తమ్ముళ్ళు ఇద్దరు పేర్లిచ్చారు. ఊళ్ళోనే ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు, అన్నలు ఎవరైనా ఇద్దరు ఆ గంట వచ్చి నిలబడగలిగితే వార్డెన్ సారుకు చెప్పండి. లెక్క రాసే కాగితాలు రీడింగ్ రూం బల్ల సొరుగులో ఉన్నాయి.